నలుగురి కళ్ళముందు: జానీ స్టైన్‌బర్గ్ ‘త్రీ లెటర్ ప్లేగ్’

హెచ్.ఐ.వి. పరీక్ష ఫలితం రహస్యంగా ఉండాలి. పరీక్ష చేయించుకున్న మనిషికీ, ఫలితం చెప్పే కౌన్సెలర్‌కీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. దక్షిణాఫ్రికాలో, ఈస్టర్న్ కేప్ ప్రాంతంలోని ఒక పల్లెలో పరీక్షలు జరిగిన రోజున ఈ నియమాన్ని ఎవరూ తప్పలేదు. గదిలో మాట్లాడిన మాట గది దాటలేదు. అయినా ఎవరికి ఉందో ఎవరికి లేదో బయట ఉన్నవాళ్ళకి తెలిసిపోయింది. నెగెటివ్ వచ్చినవాళ్ళు రెండు మాటలు విని బయటికొచ్చేశారు. పాజిటివ్ వచ్చినవాళ్ళని కౌన్సెలర్ కూర్చోబెట్టి ధైర్యం చెప్పాలి, మందుల సంగతి చెప్పాలి, మళ్ళీ ఎప్పుడు ఎక్కడికి రావాలో చెప్పాలి. వాళ్ళు ఆలస్యంగా వచ్చారు. తలుపు వెనక ఎవరు ఎంతసేపు ఉన్నారో బయటివాళ్ళు గమనించారు. అంతకన్నా ఏం కావాలి?

అలా గమనించినవాళ్ళలో సిజ్వే ఒకడు. ముప్ఫయ్యేళ్ళకి అటూ ఇటూగా ఉంటాడు. ఊళ్ళో చిన్న కొట్టు నడుపుతాడు. అలాంటి కొట్టుని అక్కడ స్పాజా అంటారు. ఇంట్లోనే ఒక పక్కన సరుకులు పెట్టుకుని అమ్మే కొట్టు. పెళ్ళి చేసుకోవాలంటే అమ్మాయి ఇంటివాళ్ళకి లొబోలా ఇచ్చుకోవాలి కాబట్టి దానికోసం డబ్బు కూడబెడుతున్నాడు. ఆ రోజు పరీక్ష చేయించుకోలేదు. ఆ తర్వాత ఎన్ని నెలలు గడిచినా దాని జోలికి పోడు. తెలివితక్కువవాడు కాదు, ఊళ్ళో అందరికన్నా నాలుగు ఆకులు ఎక్కువే చదివాడు. మందు ఉంది. ఉచితం. దగ్గర్లోనే దొరుకుతుంది. వేసుకున్నవాళ్ళు మంచం మీంచి లేచి తిరగడం కళ్ళారా చూశాడు. మరి ఎందుకు వెళ్ళడు? జానీ స్టైన్‌బర్గ్ 2008లో ప్రచురించిన ‘త్రీ లెటర్ ప్లేగ్’ పుస్తకం మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

స్టైన్‌బర్గ్ దక్షిణాఫ్రికా రచయిత. దీనికి ముందు ఒక తెల్ల రైతుకుటుంబంలో జరిగిన హత్య మీద ‘మిడ్‌లాండ్స్’, కేప్ టౌన్ జైలు ముఠాల మీద ‘ది నంబర్’ రాశాడు. ఒక మనిషిని పట్టుకుని, నెలల తరబడి అతని వెంట తిరిగి, అతని బతుకులోంచి దేశాన్ని చూడటం ఇతని పద్ధతి. ఈ పుస్తకంలో సిజ్వే అన్నది మారుపేరు. ఊరి పేరూ మార్చాడు. పుస్తకం పేరులోని మూడక్షరాలు హెచ్, ఐ, వి. దక్షిణాఫ్రికాలో ఆ పేరు పలక్కుండా ‘ఆ మూడక్షరాలు’ అనడం, మూడు వేళ్ళు చూపించడం మామూలే. మనం ‘ఆ జబ్బు’ అన్నట్టు. ఒకప్పుడు కుష్ఠు అనడానికి నోరురాక ‘పెద్ద రోగం’ అన్నట్టు.

ఊరు, వయసు మారినా ఆ రోజుల్లో దేశంలో ఏం జరుగుతోందో తెలియకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. థాబో ఎంబేకి అధ్యక్షుడు. హెచ్.ఐ.వి. వల్లే ఎయిడ్స్ వస్తుందా అని ఆయనకి సందేహం. ఆరోగ్యమంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ తినమని చెప్పేది. 1998 డిసెంబరు 10న మొదలైన ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ వీధుల్లోకీ కోర్టులకీ వెళ్ళింది. దాని నాయకుడు జాకీ అచ్మాట్ పాజిటివ్. మందు కొనుక్కునే స్తోమత ఉండీ, ప్రభుత్వాసుపత్రిలో పేదవాళ్ళకి ఇచ్చేదాకా తనూ వేసుకోనని భీష్మించుకున్నాడు. 2002 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం గర్భిణులకి నెవిరపిన్ ఇచ్చి తీరాలని తీర్పు చెప్పింది. 2003 నవంబరులో గానీ ప్రభుత్వం అందరికీ మందులివ్వడానికి ఒప్పుకోలేదు. ఈ జాప్యం వల్ల 2000 నుంచి 2005 దాకా 3,30,000 మందికి పైగా చనిపోయారని హార్వర్డ్ పరిశోధకులు తర్వాత లెక్కగట్టారు.

ఇదంతా స్టైన్‌బర్గ్ చెప్తాడు కానీ త్వరగా దాటేస్తాడు. నాకది నచ్చింది. ఎంబేకిని తిట్టడం సులువు, తిట్టిన పుస్తకాలూ చాలా ఉన్నాయి. ఇతనికి కావలసింది వేరే. ప్రభుత్వం మొండికేస్తే మనుషులు చచ్చిపోవడం అర్థమవుతుంది. ప్రభుత్వం దిగొచ్చి, మందు ఊరికొచ్చి, డాక్టరు మంచివాడై, నర్సు ఓపికమంతురాలై ఉన్నాక కూడా ఒక మనిషి ఇంట్లోనే కూర్చుంటే దాన్నేమనాలి?

మందొచ్చిన ఊరు లుసికిసికి. రెల్లుగడ్డిలో గాలి చేసే చప్పుడు ఆ పేరు అంటారు. జాతివివక్ష కాలంలో నల్లవాళ్ళని విడిగా ఉంచడానికి సృష్టించిన ట్రాన్స్‌కైలో భాగం అది. అక్కడి మగవాళ్ళు తరతరాలుగా జోహనెస్‌బర్గ్ చుట్టుపక్కల బంగారు గనుల్లోకి వలసపోయారు. లక్షన్నర జనాభాకి ఒక ఆసుపత్రి, 12 చిన్న క్లినిక్‌లు. డాక్టర్లు లేరు. 2003లో ఎం.ఎస్.ఎఫ్. (సరిహద్దులు లేని వైద్యుల సంస్థ) ప్రభుత్వంతో కలిసి ఇక్కడ పని మొదలుపెట్టింది. హెర్మన్ రాయిటర్ అనే డాక్టరు దానికి పెద్ద. కేప్ టౌన్ పక్కన ఖయెలిత్షా బస్తీలో ఈ సంస్థ మొదటిసారి మందులిచ్చినప్పుడు కూడా ఉన్నవాడు. అతని ఆలోచన చాలా సరళం. డాక్టర్లు లేని చోట డాక్టర్ల కోసం ఎదురుచూడకూడదు. రోగులు ఆసుపత్రికి రాలేరు కాబట్టి మందు క్లినిక్‌కి వెళ్ళాలి. రోజువారీ పని నర్సులు చూసుకుంటారు. రోగులతో కూర్చుని మాట్లాడే పని ఊరివాళ్ళే, వాళ్ళలో చాలామంది తామూ పాజిటివ్ అయినవాళ్ళే, చేస్తారు. క్లినిక్ దగ్గర మందులు వాడేవాళ్ళంతా కలిసి కూర్చుంటారు, పాటలు పాడతారు, సైడ్ ఎఫెక్ట్‌ల గురించి ఒకళ్ళనొకళ్ళు హెచ్చరించుకుంటారు.

ఈ పద్ధతి పనిచేసింది. అది వట్టిమాట కాదు. 2007లో వైద్యపత్రికలో వచ్చిన లెక్కల్లో, ఆసుపత్రిలో మందు మొదలుపెట్టినవాళ్ళలో ఏడాదికి 19 శాతం జాడ లేకుండా పోతే, పల్లె క్లినిక్‌లలో అలా తప్పిపోయినవాళ్ళు 2 శాతమే. అంటే దగ్గరగా ఉన్న నర్సు దూరంగా ఉన్న డాక్టరు కన్నా మేలు. 2010లో దేశమంతటా నర్సులే మందు మొదలుపెట్టొచ్చని ప్రభుత్వం ఒప్పుకుందంటే దాని వెనక లుసికిసికి ఉంది.

కాబట్టి రాయిటర్ వాదన ఇది: మందు మంచిగా అందిస్తే జనం వస్తారు. రావట్లేదంటే తప్పు జనంలో లేదు, అందించడంలో ఉంది. క్యూ పెద్దదై ఉంటుంది, మందు అయిపోయి ఉంటుంది, నర్సు విసుక్కుని ఉంటుంది. అది సరిచేయండి. ‘వాళ్ళ సంస్కృతి అంతే’ అని చేతులు దులుపుకోకండి. స్టైన్‌బర్గ్‌కి ఈ మనిషంటే గౌరవం, ఆ గౌరవం ప్రతి పేజీలో కనిపిస్తుంది. కానీ పక్కన సిజ్వే ఉన్నాడే. క్యూ లేదు, మందు ఉంది, నర్సు మంచిది, అయినా సిజ్వే రాడు. పుస్తకంలో అసలు నాటకం ఈ ఇద్దరి మధ్యే. విచిత్రమేమిటంటే ఇద్దరూ ఎదురుపడి వాదించుకోరు. రచయిత మధ్యలో నిలబడి ఒకసారి ఇటు, ఒకసారి అటు వాలిపోతుంటాడు. ఎవరు గెలిచారో తేల్చడు. చాలామంది సమీక్షకులు దీన్ని లోపమన్నారనుకోండి, నేను ఆశ్చర్యపోను. నాకైతే అదే ఈ పుస్తకం బలం.

సిజ్వే భయాల్లో రెండు పొరలున్నాయి. మొదటిది సూది. తెల్ల డాక్టరు సూదిలోనే రోగం ఉందనీ, పరీక్ష పేరుతో ఎక్కించి పోతాడనీ ఊళ్ళో పుకారు. చదవగానే మూఢత్వం అనిపిస్తుంది. కానీ 1998లో సత్య సయోధ్య సంఘం ముందు బయటపడిన ప్రాజెక్ట్ కోస్ట్ సంగతి గుర్తు చేసుకోండి. వౌటర్ బాసన్ అనే గుండె డాక్టరు నడిపిన రహస్య ఆయుధ పథకం అది. నల్లవాళ్ళకి పిల్లలు పుట్టకుండా చేసే పదార్థాల కోసం ప్రభుత్వం డబ్బుతో పరిశోధన చేశారు. గనుల్లోకి పనివాళ్ళని తీసుకునే చోట మగవాళ్ళని గుంపుగా బట్టలిప్పించి నిలబెట్టి పరీక్ష చేసేవాళ్ళు. ఆ తాతల మనవడికి తెల్లకోటుని చూస్తే ఒళ్ళు జలదరించడంలో వింతేముంది? జ్ఞాపకాన్ని మూఢనమ్మకం అంటున్నామేమో చూసుకోవాలి.

రెండో పొర ఇంకా లోతైనది, చెప్పడానికి ఇంకా కష్టమైనది. అది ఈర్ష్య. సిజ్వే కొట్టు బాగా నడుస్తోంది. చుట్టూ ఉద్యోగాల్లేవు. తనతో పెరిగిన కుర్రాళ్ళు ఖాళీగా తిరుగుతున్నారు. తను పైకొస్తున్నాడని వాళ్ళకి కడుపుమంట అని అతని నమ్మకం. జబ్బు కూడా వాళ్ళలో ఎవరో మంత్రగాడి దగ్గరికి పోయి తనమీదికి పంపిందే అయ్యుండొచ్చని ఒక మూల అనుమానం. వైరస్ సంగతి అతనికి తెలుసు, రెండూ ఒకే బుర్రలో పక్కపక్కన ఉన్నాయి. పాజిటివ్ అని తేలిందా, అది వైద్యవిషయం కాదు, ఊరు గెలిచినట్టు. అందరూ తన కొట్టు వైపు చూసి లోపల నవ్వుకుంటారు. చావు కన్నా ఆ నవ్వు భయంకరం.

ఇక్కడికొచ్చేసరికి తెలుగు పాఠకుడికి ఒక మాట తట్టకమానదు. ఆరోగ్యకార్యక్రమాల భాషలో ‘కమ్యూనిటీ’ అంటే ఎప్పుడూ మంచిదే. కమ్యూనిటీ ఆధారిత సేవ, కమ్యూనిటీ భాగస్వామ్యం. మన వాడుకభాష ఇంత అమాయకంగా లేదు. మనకి ‘నలుగురు’ ఉన్నారు. నలుగురి సాయం ఉండాలి, పోయాక మోయడానికి నలుగురు కావాలి. నలుగురిలో పరువు పోకూడదు, నలుగురూ నవ్వుతారు. ఈ రెండు జట్ల నలుగురూ వేరువేరు మనుషులు కారు. క్లినిక్ గుమ్మం దగ్గర నీ చెయ్యి పట్టుకునే కౌన్సెలరు నీ పక్కింటి ఆవిడే, నువ్వు ఎంతసేపున్నావో లెక్కపెట్టే మనిషీ పక్కింటివాడే. రాయిటర్ మందుని ఊరి దగ్గరికి తెచ్చాడు. దూరం పోయింది. దూరంతో పాటు, ఎవరికీ తెలియకుండా పోయి రావడానికి ఉన్న చాటు కూడా పోయింది. బస్సెక్కి పట్నం ఆసుపత్రికి వెళ్ళేవాడు దారిలో ఎవరైనా కలిస్తే బంధువుల ఇంటికని చెప్పొచ్చు. ఊరి క్లినిక్‌లో సహాయబృందం గుండ్రంగా కూర్చునే వారం, వేళ అందరికీ తెలుసు. స్టైన్‌బర్గ్ ఈ మాటని ఇలా ఒక సూత్రంగా చెప్పడు. కానీ ఆ మొదటి దృశ్యాన్ని అతను పుస్తకం మొదట్లో పెట్టిన తీరులోనే ఇదంతా ఉంది.

దీనికి జవాబుగా ఖయెలిత్షాలో ఒకటి చేశారు. దాక్కోకుండా ఎదురుతిరిగారు. ‘హెచ్.ఐ.వి. పాజిటివ్’ అని రొమ్ముమీద పెద్ద అక్షరాల్లో అచ్చేసిన టీషర్టు వేసుకుని తిరిగారు. పాజిటివ్ ఎవరో, కానిది ఎవరో, సానుభూతితో వేసుకున్నది ఎవరో తెలియకుండా చేశారు. 1998 డిసెంబరులో గుగు ద్లామిని అనే ఆమె తనకి జబ్బుందని బహిరంగంగా చెప్పిన కొద్దిరోజులకే డర్బన్ దగ్గర జనం ఆమెని కొట్టి చంపారు. ఆ తర్వాతే ఈ టీషర్టు పుట్టింది. 2002 డిసెంబరులో మండేలా కూడా వేసుకున్నాడు. అది గొప్ప పని. కానీ ఖయెలిత్షా లక్షలమంది ఉన్న బస్తీ. అక్కడ టీషర్టు వేసుకున్నవాడు ఒక గుంపులో ఒకడు. సిజ్వే ఊళ్ళో వేసుకుంటే ఒక్కడే.

ఊరి నోటికి ఎంత బలముందో తెలియాలంటే ఇంకో పుస్తకం చదవాలి. ఫాస్వానె ంపె 2001లో రాసిన చిన్న నవల ‘వెల్‌కమ్ టు అవర్ హిల్‌బ్రో’. చనిపోయిన రెఫెంత్సే అనే యువకుణ్ణి ‘నువ్వు’ అని పిలుస్తూ కథ నడుస్తుంది. జోహనెస్‌బర్గ్‌లోని హిల్‌బ్రో పేటకీ, తిరగలాంగ్ అనే పల్లెకీ మధ్య వార్తలు పరిగెడుతుంటాయి. పల్లెకి ఎయిడ్స్ గురించి అన్నీ తెలుసు: అది పట్నం జబ్బు, పరాయి దేశంవాళ్ళ జబ్బు, చెడ్డ ఆడవాళ్ళ జబ్బు. తనకి అంటదు. ఆ నవలలో రెఫెంత్సే ఒక కథ రాస్తాడు, ఎయిడ్స్ వచ్చిన స్త్రీని ఊరు వెలివేసిన కథ. స్టైన్‌బర్గ్ బయటినుంచి వచ్చి నెలలు తిరిగి పట్టుకున్నది ంపె లోపలినుంచి ఒక్క పేజీలో చెప్పేస్తాడు. ంపె 2004లో 34 ఏళ్ళకే పోయాడు.

ఇప్పుడు నా ఫిర్యాదు. స్టైన్‌బర్గ్ తెల్లవాడు, స్వలింగ ప్రేమికుడు, జోహనెస్‌బర్గ్ వాడు. తన గురించి ఇవేవీ దాచుకోడు, పరీక్షకి వెళ్ళేటప్పటి తన సొంత భయం కూడా చెప్తాడు. అక్కడిదాకా నిజాయితీయే. కానీ ఊళ్ళో అతనికి దారి చూపించేదీ, దుబాసీ పని చేసేదీ సిజ్వేనే. అంటే ఆడవాళ్ళు చెప్పిన మాట చాలావరకు ఒక ఊరి మగవాడి నోటిమీదుగా మనకి చేరుతోంది. వాళ్ళు అతని ముందు ఏం చెప్పారు, ఏం మింగేశారు? ఈ ప్రశ్న మీద రచయిత నిలవాల్సినంతసేపు నిలవడు.

ఇది చిన్న లోపం కాదు, ఎందుకంటే ఈ రోగం కథలో ఆడవాళ్ళ వరస పూర్తిగా వేరు. వాళ్ళకి సిజ్వే లాగా ‘వెళ్ళాలా వద్దా’ అని నెలలు తర్జనభర్జన పడే సావకాశం లేదు. కడుపుతో ఉంటే క్లినిక్‌కి వెళ్ళాలి, వెళ్తే రక్తం తీస్తారు. బిడ్డకి టీకాలకీ, పిల్లలు పుట్టకుండా సూదికీ అక్కడికే. క్లినిక్ ఆడవాళ్ళ చోటు. కాబట్టి ఇంట్లో ముందు తెలిసేది ఆడమనిషికి, ముందు తెలిసింది కాబట్టి తెచ్చింది కూడా ఆమే అని నింద. ఆ భయం సిజ్వే భయం కన్నా చిన్నదేం కాదు. కౌన్సెలర్లుగా, ఇంటింటికీ తిరిగే కార్యకర్తలుగా, తక్కువ డబ్బుకో డబ్బే లేకుండానో ఈ పద్ధతి మొత్తాన్ని మోసిందీ వాళ్ళే. పుస్తకంలో అలాంటి ఒక పెద్దావిడ ఉంది, చక్కటి పాత్ర. ఆవిడ వెనక ఇంకో పుస్తకమే ఉంది అనిపిస్తుంది. కానీ మనం మళ్ళీ కొట్టు దగ్గరికి వచ్చేస్తాం.

ఆ లోటుని కొంత తీర్చేది ‘లాంగ్ లైఫ్’. 2003లో వచ్చింది. ఖయెలిత్షాలోని బంబనాని మహిళా బృందం, జొనథన్ మోర్గన్‌తో కలిసి చేసిన పుస్తకం. ఒక్కొక్కరూ నిలువెత్తు కాగితం మీద పడుకుని తమ ఒంటి గీతని గీయించుకున్నారు. లోపల వైరస్ ఎక్కడుందో, మచ్చలు ఎక్కడున్నాయో, బలం ఎక్కడినుంచి వస్తోందో రంగులు వేశారు. ప్రతి బొమ్మ వెనకా ఇంకో మనిషి గీత ఉంటుంది, తనని నిలబెట్టిన మనిషి నీడ. ఆ నలుగురిలో నన్ను పట్టుకున్నది ఎవరు అని వెతికి ఒకర్ని గీసుకోవడం అది. స్టైన్‌బర్గ్ పుస్తకం చదివిన చేత్తోనే ఆ బొమ్మలు చూడాలి. సిజ్వే వెనక ఎవరి గీత ఉండేదో అనిపిస్తుంది.

పుస్తకం వచ్చి చాలా ఏళ్ళయింది. పాతబడిందా? మందుల విషయంలో పాతబడింది. అప్పుడు సీడీ4 కణాలు 200 కన్నా తగ్గితేగానీ మందు మొదలుపెట్టేవారు కాదు. 2016 నుంచి దక్షిణాఫ్రికాలో పాజిటివ్ అని తేలగానే ఇస్తున్నారు. ఈ మధ్యకాలంలో చేసిన కొత్త ప్రయోగాలు చూస్తే మాత్రం ఒక్కొక్కటీ సిజ్వేకి జవాబు చెప్పడానికే కనిపెట్టినట్టుంటాయి. మొజాంబిక్‌లోని టెటెలో 2008 నుంచి ఆరుగురు చొప్పున రోగులు జట్టు కడతారు. నెలకొకరు క్లినిక్‌కి వెళ్ళి అందరి మందులూ తెస్తారు. అంటే ఒక్కొక్కరూ ఆర్నెల్లకొకసారే క్యూలో కనపడతారు. నలుగురిలోంచి తనకి కావలసిన ఆరుగుర్ని ఏరుకోవడం కదా ఇది! మలావీ, జాంబియా, జింబాబ్వేల్లో 2015 నుంచి ఇంటి దగ్గరే చిగుళ్ళ మీద పుల్ల రాసి ఎవరికి వారే చూసుకునే పరీక్షని పెద్ద ఎత్తున పంచిపెట్టారు. తలుపు వెనక ఎంతసేపున్నా లెక్కపెట్టేవాడు లేడు. అయినా దక్షిణాఫ్రికాలో ఇవాళ్టికీ మందు వాడటంలో ఆడవాళ్ళ కన్నా మగవాళ్ళు వెనకే ఉన్నారు. సిజ్వే ఒక్కడే కాదన్నమాట.

ఇందులో మన వాటా కూడా కొంత ఉంది. ఆ దేశాల్లో మింగే మాత్రల్లో చాలావాటికి పుట్టిల్లు హైదరాబాద్, విశాఖ పరిసరాలు. హెటెరో, అరబిందో, లారస్ పేర్లు లుసికిసికి లాంటి చోట్ల డబ్బాలమీద చూడొచ్చు. ఆర్నెల్లకొకసారి వేసుకుంటే వైరస్ సోకకుండా కాపాడే లెనకపవిర్ సూది వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన పరీక్షలో అది వేసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ సోకలేదని 2024లో తేలింది. దాన్ని 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకి ఇస్తామని ఒప్పుకున్నవి హైదరాబాదువే రెండు కంపెనీలు: డాక్టర్ రెడ్డీస్, హెటెరో. ఇంకోపక్క 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసరికి దక్షిణాఫ్రికాలో ఇంటింటికీ తిరిగే కార్యకర్తలు, కౌన్సెలర్లు వేలమంది పని పోగొట్టుకున్నారు. మందు చవకైంది, మందు వేసుకోమని గుమ్మంలో కూర్చుని చెప్పే మనిషి ఖర్చు అయిపోయింది. స్టైన్‌బర్గ్ పుస్తకాన్ని ఇప్పుడు మళ్ళీ తియ్యడానికి నాకు ఇదొక్కటే కారణం చాలనిపించింది. మాత్రకీ మనిషికీ మధ్య ఎంత మాట నడవాలో ఇంత ఓపికగా రాసిన పుస్తకం నేనింకోటి చదవలేదు.

సిజ్వే చివరికి పరీక్ష చేయించుకున్నాడా అన్నది నేను చెప్పను. కొనేవాళ్ళకి ఒక సూచన: ఇదే పుస్తకం అమెరికాలో ‘సిజ్వేస్ టెస్ట్’ అన్న పేరుతో వచ్చింది. రెండూ వేరనుకుని రెండూ కొనుక్కోకండి. ఆ రెండో పేరు నాకు నచ్చలేదు. పరీక్ష అతనికొక్కడికే అన్నట్టు ఉంది.